సున్న చూపిన ముల్లు సత్యమేనా?

కర్మాగారంలో పీడనమాపకాలను గడువు తప్పక పరీక్షిస్తాము. ఇంట్లోని రక్తపోటు పరికరాన్ని మాత్రం కొన్ననాటి నుండి నమ్ముతూనే ఉంటాము. 5 పాదరస మిల్లీమీటర్ల దోషం చాలు, 138ని 143గా చూపి అక్కరలేని మందు మింగించడానికి. దోషం తక్కువ వైపుకైతే, కావలసిన మందే అందదు.

గాలి తీసిన పరికరపు ముల్లు సున్న వద్ద నిలవాలి. అదొక్కటే చాలదు, 'వై' గొట్టంతో ప్రామాణిక మానోమీటరుకు కలిపి 50, 100, 150, 200 వద్ద పోల్చాలి. తేడా 3 మిల్లీమీటర్లు మించరాదు. డిజిటల్ పరికరం పీడనపు అలల నుండి రక్తపోటును గణిస్తుంది కనుక, ఆ నమూనాను మనుషులపై కూడా పరీక్షించి ఉండాలి.

పరికరం సరిగా ఉన్నా, చేయి గుండెకన్నా 10 సెంటీమీటర్లు దిగువనుంటే సుమారు 8 మిల్లీమీటర్లు ఎక్కువ చూపుతుంది. ఈసారి వైద్యుని వద్దకు మీ పరికరాన్నీ తీసుకొనివెళ్లి సరిచూసుకొనండి.