అవ్వ పాటకు అరువు ప్రతిధ్వని ఎందుకు?

ఈ మధ్య మనలో చాలామంది ఇంట్లోనే పాటలు రికార్డు చేస్తున్నారు. సంతోషమే. కానీ అవ్వ పాడిన గొబ్బిపాటైనా, చెల్లెలు పాడిన సినిమా పాటైనా, అన్నిటికీ యాప్‌లో ఉన్న ‘పెద్ద హాలు’ రివర్బే తగిలిస్తున్నాం. ఎక్కడి హాలది? అవ్వ ఏనాడూ అడుగు పెట్టని హాలు! మన పాటకు మన చోటి ప్రతిధ్వనే ఉండాలని నా అభిప్రాయం.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. 1947లో చికాగోలో బిల్ పుట్నం అనే ఇంజనీరు బాత్‌రూమ్‌నే ప్రతిధ్వని గదిగా వాడి హార్మోనికాట్స్ బృందం పాటను రికార్డు చేశాడు. మనకు అంత శ్రమ కూడా లేదు. ఫ్యాను ఆపి, గదిలో ఒక బెలూన్ పగలగొట్టండి. నాలుగడుగుల అవతల పెట్టిన ఫోనులో ఆ చప్పుడూ, దాని వెనక వచ్చే మోతా పూర్తిగా ఆగేదాకా రికార్డు చేయండి. దీన్నే ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. కన్వల్యూషన్ రివర్బ్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లో దాన్ని వేస్తే, పాట ఆ గదిలోనే పాడినట్టు వినిపిస్తుంది.

ఒక్కో చోటికి ఒక్కో గొంతు. వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయ మండపంలో రాతి స్తంభాలు శబ్దాన్ని తిప్పికొడతాయి. గుడియాత్తంలో నూలు నిండిన మగ్గం ఇంట్లో అయితే, ఆ నూలే శబ్దాన్ని పీల్చేస్తుంది. మాట పొడిగా వినిపిస్తుంది. ఇప్పుడు పెంకుటిళ్లు పడగొట్టి మిద్దెలు కడుతున్నారు. పాత ఇంటి ఫోటో మిగులుతుంది గానీ, దాని మోత మిగలదు కదా!

“యాప్‌లో ఉన్నదే వినడానికి బాగుంది” అనేవాళ్లున్నారు. సినిమా పాటకు అలాగే కానివ్వండి. అవ్వల పాటలు వేరు. మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివినవాళ్లం. ఆ పాటలు ఎన్నో పుస్తకాల్లోకి ఎక్కలేదు, వాళ్ల నోట్లోనే ఉన్నాయి. అందులో ప్రతి మాటా మనకు కావాలి. మాట వినబడనంత మోత వేస్తే పాట ఉండీ లేనట్టే. అందుకే రివర్బ్ లేని అసలు రికార్డును ముట్టుకోకుండా దాచాలి. మోత ఏదైనా నకలుకే వేయాలి, అదీ కొంచెంగా.

ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక పాట, ఆ ఇంటి మోత, ఊరి పేరు, తేదీ, ఈ నాలుగూ తీసుకురండి. మేడమ్‌లు ఒప్పుకుంటే మన విభాగం కంప్యూటరులో దాచుకుందాం. మన తర్వాత వచ్చే చెల్లెళ్లకు అవ్వ గొంతుతోపాటు అవ్వ ఇల్లూ వినిపిస్తుంది.