తెలుగు వెబ్‌పుటకు కొలతలు కావలెను

వై.ఎస్.ఆర్. కడప జిల్లా వేముల మండలమున తుమ్మలపల్లె యను గ్రామము కలదు. చిన్న ఊరు. దాని నేలక్రింద యురేనియము ఉన్నదని తేలిన పిదప ఆ పేరు దేశమంతట వినవచ్చినది. 2007లో అచట గనికి, కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 2012లో పని ఆరంభమైనది. గని వ్యర్థములను గూర్చియు, బావుల నీటిని గూర్చియు చుట్టుపట్ల రైతులు ఆందోళన వెలిబుచ్చుచు వచ్చిరి. ఆ ఆందోళనలో న్యాయమెంత, భయమెంత యని తేల్చుట ఇచట విషయము కాదు. అట్టి తగవును తేల్చుకొనుటకు ఊరివారు చదువవలసిన కాగితములు ఎచట ఉన్నవి, అవి ఎవరికి అందుచున్నవి అనునదే ప్రశ్న.

2006 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము పర్యావరణ ప్రభావమును గూర్చి యొక ప్రకటన వెలువరించినది. గనులవంటి వానికి అనుమతి యిచ్చుటకు ముందు తయారగు నివేదిక సారాంశము ఆంగ్లమునను, స్థానిక భాషయందును ఉండవలెననియు, మంత్రిత్వశాఖ ఆ సారాంశమును తన వెబ్‌సైటున ఉంచవలెననియు అందు విధించిరి. మంచి నియమమే. పూర్వము గ్రామచావడి గోడకు అంటించిన నోటీసును చదువువచ్చిన వాడొకడు పైకి చదువగా పదిమంది వినెడివారు. నేడు ఆ గోడ ఫోను తెరలోనికి వచ్చినది. అడంగలు, 1-బి చూచుకొనవలెనన్నను 'మీభూమి' తెరువవలెను. పరీక్షా ఫలితములు, ఉపకారవేతనముల దరఖాస్తులు, ఉద్యోగ ప్రకటనలు సమస్తమును అచటనే.

కాని కాగితము తెరపైకి ఎక్కినంత మాత్రమున చదువరికి చేరినట్లు కాదు. చూపులేని విద్యార్థి, శుక్లములు కమ్మిన వృద్ధుడు, చేయి వణకుటచే మౌసును నిలుకడగా పట్టలేనివాడు, ఎరుపు పచ్చల భేదము తెలియనివాడు—వీరందరును చదువరులే. 2011 జనగణన ప్రకారము దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో చూపునకు సంబంధించిన లోపము కలవారు 50 లక్షలు. వీరికి తోడు, మిట్టమధ్యాహ్నము వేరుసెనగ చేని గట్టుపై నిలిచి ఫోను చూచు రైతు. అతని కన్నులు చక్కగానే ఉన్నవి. అయినను రాయలసీమ యెండలో లేత బూడిదరంగు అక్షరము అతనికిని కనబడదు.

వెబ్‌సైటును కట్టువారు ప్రతి పుటను మొదటినుండి కట్టరు. ముందే సిద్ధముగనున్న 'థీము' నొకదానిని తెచ్చుకొని అందులో తమ మాటలు పోయుదురు. అక్షరముల పరిమాణము, రంగులు, వరుసల నడిమి ఎడము, శీర్షికల స్థానము, బొత్తాముల తీరు—ఇవన్నియు ఆ థీములోనే నిర్ణయమై యుండును. తెలుగు వికీపీడియావారు పుటలలో పదేపదే వాడు అమరికలకు 'మూస' యను పేరు పెట్టిరి. థీమునకును ఆ మాట సరిపోవును. మూస వంకరయైన, అందు పోసిన ప్రతి వస్తువును వంకరయే యగును. ఒక పుటలోని తప్పును దిద్దిన ఒక పుట బాగుపడును. మూసలోని తప్పును దిద్దిన, దానిని వాడు వేల సైటులు ఒక్కమారుగ బాగుపడును. కావుననే నియమము మూసకే విధింపవలెను. వెబ్‌ఎయిమ్ అను అమెరికా సంస్థ ఏటేట పది లక్షల ముఖపుటలను యంత్రముచే పరీక్షింపజేయుచున్నది. 2024లో అందు 95.9 శాతము పుటలలో సుగమతా దోషములు కనబడినవి. నూటికి 81 పుటలలో కనబడిన దోషము ఒక్కటే: అక్షరమునకును వెనుకనున్న నేలకును తగినంత రంగు భేదము లేకుండుట. లోకమంతట ఇన్ని పుటలలో ఒక్క తప్పే కనబడుట వ్యక్తుల అజాగ్రత్త వలన మాత్రమే కాదు, మూసల వలన.

ఈ రంగు భేదమునకు లెక్క కలదు. వెబ్ ప్రమాణములను నిర్ణయించు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము 1999లో మొదటిమారు, 2008లో రెండవమారు సుగమతా సూత్రములను ప్రకటించినది. 2018లోను, 2023లోను వానిని పెంచినది. తెల్లని నేలపై నల్లని అక్షరమునకు నిష్పత్తి 21:1. సాధారణ పాఠమునకు 4.5:1కి తగ్గరాదు, పెద్ద అక్షరములకు 3:1 చాలును. తెలుగు సైటులకు మిక్కిలి ప్రియమైన శుద్ధమైన ఎరుపు, తెల్లని నేలపై 4:1 దగ్గరనే ఆగిపోవును. పసుపు సంగతి చెప్పనే అక్కరలేదు. అది 1కి కొంచెమే పైన ఉండును. పండుగనాటి శుభాకాంక్షలకు చెల్లునేమో గాని నోటీసునకు చెల్లదు.

తక్కిన నియమములు బుద్ధిమంతుడైన ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయునప్పుడు తనకు తెలియకనే పాటించునవే. శీర్షిక శీర్షికగనే ఉండవలెను. అక్షరములను లావు చేసినంత మాత్రమున శీర్షిక కాదు. చూపులేనివారు పుటను ఆదినుండి వినరు. తెరచదువరి యను సాఫ్ట్‌వేరు సహాయముతో శీర్షికనుండి శీర్షికకు దుమికి, కావలసిన చోట ఆగుదురు. సూచిక చూచి పుస్తకము తెరుచుట వంటిది. శీర్షికలు లేని పుట వారికి విషయసూచిక లేని ఉద్గ్రంథము. మౌసు లేకున్నను కీబోర్డులోని ట్యాబ్ మీటతోనే ప్రతి లంకెకును పోగలుగవలెను. ఇప్పుడెచట నున్నామో తెలియునట్లు ఆ లంకె చుట్టు గీత కనబడవలెను. అందము చెడునని ఆ గీతను తుడిచివేయు శిల్పులు కలరు! పాఠము నడుమ లంకె వచ్చినచో రంగు మాత్రమే చాలదు, క్రింద గీత ఉండవలెను. దరఖాస్తులోని ప్రతి గడికి పేరు ఉండవలెను. బొమ్మకు మాటలలో వివరణ ఉండవలెను. వర్డ్‌ప్రెస్ అను ఉచిత సాధనమునకు థీములను సమర్పించువారిలో 'సుగమము' అను ముద్ర కోరువారు ఇట్టి నియమములకు లోబడి ప్రత్యేక పరీక్ష నెగ్గవలెను. ఆ ముద్ర ఉన్న థీమును ఏరుకొనుటకు అదనపు ఖర్చు లేదు. ఎరుక మాత్రము కావలెను.

ఇంతవరకు లోకమునకెల్ల చెల్లు మాట. తెలుగునకు ఇది చాలదు. ఈ మూసలలో పెక్కు రోమను లిపిని ఎదుట పెట్టుకొని పోసినవి. రోమను అక్షరమునకు క్రింద తోక ఒకటి, పైన కొమ్ము ఒకటి. అంతకు మించి ఎత్తు అక్కరలేదు. తెలుగక్షరమునకు పైన గుడి, తలకట్టు. క్రింద ఒత్తు, ఒక్కొక్కచో ఒత్తు క్రింద ఒత్తు. 'స్త్రీ', 'రాష్ట్రము', 'లక్ష్మి' అను మాటలను ఇరుకు వరుసలో పెట్టిన, పై వరుస ఒత్తులు క్రింది వరుస గుడులను తాకును. బొత్తాము లోపల పెట్టిన అడుగు తెగిపోవును. తెగిన ఒత్తు అందము చెడుటతో ఆగదు, మాట మారిపోవును. 'అర్థము', 'అర్ధము' అను రెండు మాటలకు భేదము అడుగుననున్న ఒత్తులోని సూక్ష్మాంశమే. ఒకటి భావము, ఒకటి సగము. చిన్న ఫోనులో, చిన్న అక్షరములలో, రెండును ఒక్కటిగనే కనబడును. భూమి పత్రములో 'అర్ధభాగము' అని యున్నచో దానిని ఎట్లు చదువవలెనో రైతునకు సందేహము కలిగించు మూసను ఎవరు మెచ్చుదురు?

ఆంగ్లమునకు 16 పిక్సెలుల పరిమాణము చాలునందురు. తెలుగు పాఠమునకు 18కి తగ్గించుట, వరుస ఎత్తు అక్షరమునకు ఒకటిన్నర రెట్లకు లోపల పెట్టుట న్యాయము కాదు. ఒకటిముప్పావు ఉన్న ఇంకను మేలు. ఆంగ్ల మూసలు ఉల్లేఖనములను వాలుటక్షరములలో పెట్టును. తెలుగు లిపికి ఆ సంప్రదాయము లేదు. యంత్రము బలవంతముగ వంచిన తెలుగక్షరము గాలికి ఒరిగిన జొన్నకంకివలె ఉండును. ఇరుప్రక్కల సమముగ కోసిన వరుసలు తెలుగునకు చెరుపు చేయును. మన సమాసములు దీర్ఘములు గనుక ఫోనుతెరపై రెండు మాటల నడుమ గోతులు పడును. చోటు చాలనప్పుడు మాటను ఎక్కడబడిన అక్కడ విరుచు మూసలు మరి యొక పీడ. తాళపత్రములలో మాటకు మాటకు నడుమ ఎడము లేదు. బ్రౌను దొర కడపలో పండితులను చేరదీసి ప్రతులను సరిచూపించిన నాడు, ఆ ఎడమును వెదకుటయే సగము శ్రమ యని ఊహింపవచ్చును. అచ్చుయంత్రము ఆ కష్టమును తీర్చినది. తీరిన కష్టమును తెర మరల తెచ్చిపెట్టుట వింత.

చెవితో చదువువారి విషయమున తెలుగునకు మరి రెండు చిక్కులు కలవు. ప్రతి పుటయు తన భాష యేదో యంత్రమునకు చెప్పవలెను. తెలుగునకు 'టి', 'ఇ' అను రెండు ఆంగ్లాక్షరముల సంకేతము ఏర్పడియున్నది. థీము ఆంగ్లమని చెప్పి ఊరకున్నచో, ఆంగ్ల స్వరము తెలుగును చదువబూనును; లేదా మౌనము వహించును. రెండవది పాత ఖతుల బాధ. 1991 నాటి మొదటి యూనికోడులోనే తెలుగునకు స్థానము లభించినను, చాలకాలము తెలుగు సైటులు తమ తమ సొంత ఖతులను వాడినవి. వానిలో కంటికి కనబడునది తెలుగు. లోపల నున్నది అర్థములేని ఆంగ్లాక్షరముల వరుస. సైటులు చాలవరకు మారినవి గాని, డీటీపీ కేంద్రములలో ఆ పాత ఖతులతో కూర్చిన పీడీఎఫ్‌లు ఇప్పటికిని పుట్టుచున్నవి. వానిని వెదకుటకు వీలులేదు, వినుటకు వీలులేదు. కాగితమును ఫొటో తీసి ఎక్కించిన పీడీఎఫ్ అంతకన్న మూగది. గ్రామస్థులకు తెలియజేసితిమని చెప్పుకొనుటకు అది చాలునేమో!

విదేశపు యంత్రములు మన లిపిని పరీక్షించి చూచుకొనుట అరుదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరమునకు కంటికి కనబడని సంకేతమొకటి తోడైన సందేశము రాగానే ఐఫోనులలోని కొన్ని సాధనములు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ కొలది దినములలోనే సవరణ పంపినది. లక్షల రూపాయల యంత్రమును జ్ఞానములోని తొలి అక్షరము పడగొట్టినదని నాడు తెలుగువారు నవ్వుకొనిరి. నవ్వుకొని ఊరకుండుట మాత్రము మంచిది కాదు.

చట్టమునకు కొరత లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలులో అమలునకు వచ్చినది; సమాచారము అందరికి అందునట్లు చేయుట ప్రభుత్వ బాధ్యత యని అందు 42వ సెక్షను చెప్పుచున్నది. ప్రభుత్వ వెబ్‌సైటులకు 2009లో మార్గదర్శక సూత్రములు వెలువడినవి. 2023లో మూడవ కూర్పు వచ్చినది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి వ్యాజ్యమున సుప్రీంకోర్టు, సుగమతా నియమములు కేవలము సలహాలుగ ఉండరాదనియు, తప్పనిసరి నియమములు ఏర్పరుపవలెననియు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమున కోర్టుకు నివేదిక సమర్పించినది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు కేంద్రము. 2025 ఏప్రిలు 30న మరి యొక తీర్పున, డిజిటల్ సదుపాయము 21వ అధికరణము క్రింది జీవనహక్కులో భాగమేనని అదే న్యాయస్థానము పలికినది.

అయినను ఈ సూత్రములలో తెలుగు వరుసకు ఎంత ఎడము ఉండవలెనో లేదు. అది ఢిల్లీవారు వ్రాయవలసినది కాదు. 2011లో కాలిఫోర్నియాలో ప్రపంచ తెలుగు అంతర్జాల సదస్సు జరిగినది. ఆ కాలమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును, సిలికానాంధ్రయు కలిసి చేసిన కృషి వలన పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, మండలి మున్నగు పేర్లతో ఉచిత ఖతులు లభించినవి. ఇట్టి పేర్లు పెట్టుట వేడుకగనే ఉన్నది. కాని ఏది పాఠమునకు, ఏది శీర్షికకు తగునో చెప్పువారు లేక, పెద్ద శీర్షికలకై తీర్చిన ధూర్జటి ఖతిని పేరాలకు పేరాలుగ వాడి చదువరి కన్నులను శ్రమ పెట్టువారు కలరు. రెండు రాష్ట్రముల సమాచార సాంకేతిక శాఖలును, తెలుగు విశ్వవిద్యాలయమును కలిసి కూర్చున్న, తెలుగు థీమునకు కావలసిన కొలతలు పది పుటలకు మించవు. ఆ పది పుటలు వ్రాయునప్పుడు చూపులేని తెలుగు పాఠకులు ఆ బల్లచుట్టు కూర్చుండవలెను. వారు లేక వ్రాసినచో అది మరల కన్నులున్నవారి ఊహయే యగును. ఆ కొలతలను నెగ్గని సైటునకు బిల్లు చెల్లింపరాదు.

అంతవరకు బడులు కాచుకొనియుండ నక్కరలేదు. ఇప్పుడు ఉన్నత పాఠశాలలలో పెక్కింటికి బ్లాగో వెబ్‌సైటో కలదు. దానిని నడుపువారు ఉపాధ్యాయులే, థీమును ఎన్నుకొనువారును వారే. ఎన్నుకొనుటకు ముందు అందు 'స్త్రీ', 'రాష్ట్రము', 'లక్ష్మి', 'జ్ఞానము', 'అర్థము', 'అర్ధము' అను ఆరు మాటలను శీర్షికలోను, పాఠములోను, బొత్తాములోను వ్రాసి చూడవచ్చును. తెరను రెండింతలు పెంచి చూడవచ్చును. మౌసును సొరుగులో పెట్టి ట్యాబ్ మీటతో పుటంతయు తిరిగిరావచ్చును. ఎన్‌వీడీఏ అను తెరచదువరి ఉచితముగ దొరకును. దానిని కంప్యూటరులో పెట్టి, తెరపై గుడ్డ కప్పి, సెలవుల నోటీసు ఎచట నున్నదో కనుగొనుమని తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒక పీరియడు ఇచ్చిన, ఏ థీము పనికివచ్చునో, ఏది రాదో వారే చెప్పుదురు.