జీపు పిచ్చి, బండ యాక్సిల్

మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి చేతిలో నాలుగు డబ్బులు చేరాక పట్టుకునే పిచ్చిల్లో జీపు పిచ్చి ఒకటి. పాత ఎమ్మెమ్ 540 ఒకటి కొనాలి, లేదా ఉన్న థార్‌ని విప్పదీయాలి. దానికి ఎత్తు టైర్లు ఎక్కించాలి. ఆ తర్వాత మొదలవుతుంది అసలు వెతుకులాట: "సెకండ్ హ్యాండ్‌లో హెవీ డ్యూటీ ముందు యాక్సిల్ ఎక్కడ దొరుకుద్ది?" ఇంతా చేసి ఆ బండి తోలేది ఎక్కడయ్యా అంటే గుడివాడకీ బందరుకీ మధ్య! మా గుడ్లవల్లేరు చుట్టుపక్కల తాటిచెట్టు కన్నా ఎత్తైనది ఏదన్నా ఉందంటే అది సెల్ టవరే. కొండ లేదు, బండ లేదు. ఉన్నదల్లా నల్లరేగడి బురద.

నేను చెప్పేది ఒకటే. మన డెల్టా నేలకి బరువైన యాక్సిల్ దండగ, పైపెచ్చు కీడు. బండితో పుట్టిన యాక్సిల్ లాంటిదే, బాగున్నది వెతికి వేసుకోవడం మేలు.

అసలు ఈ "హెవీ డ్యూటీ" మోజు ఎక్కడిది? అమెరికాది. అక్కడ డానా 44 అంటే క్రౌను ఎనిమిదిన్నర అంగుళాలు, డానా 60 అంటే తొమ్మిదిముప్పావు. పెద్ద పెద్ద పికప్పుల కోసం చేసినవి. ఆ పికప్పులు వాళ్ళ తుక్కు యార్డుల్లో పడుంటాయి, ఎక్కడానికి వాళ్ళకి రాతి కొండలూ ఉన్నాయి. కాబట్టి వాళ్ళు విప్పి వాడుకుంటారు. వాళ్ళకది ఇంటిపక్క సరుకు. మనం వాళ్ళ వీడియోలు చూసి బెజవాడ ఆటోనగర్‌కి పోయి అదే మాట అడుగుతాం. "మిలిటరీ మాల్ సార్, జోంగాది" అనగానే మనోడి కళ్ళు మెరుస్తాయి. జోంగా మంచి బండే, కాదన్ను. నిస్సాన్ పెట్రోల్ డిజైను మీద జబల్‌పూర్‌లో కట్టారు. కానీ 1999లోనే ఆపేశారు. ఎంత కొత్తదైనా పాతికేళ్ళు దాటిన ఇనుము. పైగా మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసేది వాళ్ళకి ఇక అక్కర్లేనిదే కదా?

ఇంజనీరింగ్ చదివాం కాబట్టి కాస్త లెక్క వేద్దాం. ఇంజన్ టార్క్ 120 న్యూటన్ మీటర్లు, ఫస్ట్ గేరు 3, లో రేంజి 2.5, యాక్సిల్ నిష్పత్తి 5 అనుకోండి. అన్నీ గుణిస్తే 4500. సగం ముందుకి వెళ్తే 2250. "అమ్మో, చిన్న యాక్సిల్ తట్టుకుంటుందా?" అంటారు. ఆగండి. యాక్సిల్ మీద అంత బలం పడాలంటే ముందు టైరు నేలని పట్టుకోవాలి. ముందు చక్రాల మీద బరువు 600 కిలోలు, చక్రం వ్యాసార్ధం 0.37 మీటర్లు అయితే, రాయి మీద 0.8 పట్టుకి సుమారు 1740 దాకా పోతుంది. బురదలో పట్టు 0.3 అనుకుంటే 650 దగ్గరే టైరు జారిపోతుంది. అంటే మూడో వంతు చిల్లర! బురదలో ముందు జారేది టైరు. తిరుగుతున్న టైరు ఒక్కసారిగా గట్టి నేలని పట్టుకుంటే షాఫ్టు విరగొచ్చు, నిజమే. దానికి మందు యాక్సిలరేటరు మీద కాలు అదుపులో పెట్టుకోవడం.

ఇక కీడు సంగతి. క్రౌను పెద్దదైతే దాని గుండు కూడా పెద్దదవుతుంది, అది కిందికి వేలాడుతుంది. గాడి పడిన డొంకలో అది నాగలిలా దున్నుకుంటూ పోయి లంగరేసినట్టు ఆగిపోతుంది. బరువు పెరిగే కొద్దీ బండి ఇంకా దిగబడుతుంది. మా రైతులు దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి కేజీవీల్స్ తగిలిస్తారు, ఇరుసు మార్చరు. బరువుని ఎక్కువ నేల మీద పరచాలన్న సంగతి వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. రాళ్ళ మీద పోటీలకి కట్టే బండైతే నా మాట వర్తించదు.

మరి సరైన పాత యాక్సిల్ ఎలా చూడాలి? పేరు వినకండి, కొలవండి.

మొదట నిష్పత్తి. రెండు చక్రాలనీ కలిపి ఒక చుట్టు తిప్పి పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. వీలైతే పళ్ళు లెక్కించండి. యుద్ధకాలపు విల్లీస్‌లో 39కి 8, అంటే 4.88. సీజే 3బీలో 43కి 8, అంటే 5.38. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ముందొకటి వెనకొకటి వేస్తే పది శాతం తేడా. బురదలో తెలీదు, తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసిన రోజున గేర్లు ఏడుస్తాయి.

రెండోది, గుండు ఏ పక్కనుందో చూడండి. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు షాఫ్టు వచ్చే పక్కే ఉండాలి. మూడోది నకిల్. పాత జీపుల్లో మూసి ఉండే గుండ్రటి నకిల్ ఉంటుంది. ఆ బంతి మీద తుప్పు గుంటలు పడితే కొత్త సీలు వేసినా నిలవదు, బురదనీళ్ళు లోపలికి పోతాయి. మంగినపూడి తీరంలోనో రొయ్యల చెరువుల గట్ల మీదో తిరిగిన బండైతే ఉప్పు ముందే తినేసి ఉంటుంది. నాలుగోది, హౌసింగు వంగిందేమో దారం కట్టి చూడండి. ఐదోది, కొత్తగా పూసిన నల్ల రంగు గీకి కింద వెల్డింగు ఉందేమో చూడండి. గీకనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి :)

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే తేల్చి చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసింది. "ఎవరు పట్టుకుంటార్లే" అంటారని తెలుసు.

పోలీసు పట్టుకోకపోవచ్చు. కాలవ పట్టుకుంటుంది. మా డెల్టా రోడ్లు చాలా చోట్ల కాలవ గట్లే. ఒక పక్క చేలు, ఇంకో పక్క నిండు కాలవ, మధ్యలో రెండు బండ్లు కష్టమ్మీద తప్పుకునే దారి. గట్టుకి అడ్డుగోడ ఉండదు. ముందు యాక్సిల్ అంటే శక్తినిచ్చే ఇరుసు మాత్రమే కాదు, స్టీరింగూ ముందు బ్రేకులూ వేలాడేది దానికే. కొలతలు కుదరని యాక్సిల్‌కి వెల్డింగుతో అతికించిన స్టీరింగు చెయ్యి కౌతరం దగ్గర మలుపులో ఊడితే, ఎదురుగా సైకిలు మీద వచ్చే కాలేజీ కుర్రాడు మీ బిల్డ్ చూసి లైకు కొట్టడు.

కాబట్టి ఆ పెద్ద యాక్సిల్‌కి పోసే డబ్బుతో సొంత యాక్సిల్‌కి కొత్త కింగ్‌పిన్ బేరింగులు, సీళ్ళు, టై రాడ్ ఎండ్లు, బ్రేకులు వేయించండి. ఇంకా మిగిలితే మంచి మడ్ టైర్లు కొనండి. ఫొటోలో ఇవేవీ కనపడవు, ఒప్పుకుంటాను. కానీ దాళ్వా చేల మధ్య డొంకలోంచి ట్రాక్టరుని పిలవకుండా బయటికొచ్చే జీపు ఇదే.