పదవికి గడువు

గడువు తీరినను గద్దె దిగనొల్లని దేశాధ్యక్షుడు కోర్టుకెక్కినచో తీర్పెట్లుండును? లోకమున రెండు విధములైన తీర్పులును కలవు. 2010లో కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానము అధ్యక్షుడు ఉరీబే మూడవమారు పోటీచేయు మార్గమును మూసివేసెను. బొలీవియాలో 2016న ప్రజలు వోటు వేసి వలదన్నను, 2017లో అచ్చటి న్యాయస్థానము మరల మరల పోటీచేయుట అభ్యర్థి హక్కని తీర్పు చెప్పెను. పదవి ప్రజలు నమ్మి యప్పగించినదా, పదవిలోనున్నవాని సొత్తా యనుటయే యిందలి ప్రశ్న.

మన రాష్ట్రపతి మరల ఎన్నిక యగుటకు రాజ్యాంగపు 57వ అధికరణము అడ్డు చెప్పదు. గ్రామపంచాయతికి మాత్రము 243ఇ అధికరణము అయిదేండ్లే గడువని, అది తీరకముందే ఎన్నిక ముగియవలెనని విధించినది.

మరి తెలంగాణమున జరిగినదేమి? 2024 ఫిబ్రవరి మొదట నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సర్పంచులు గడువు తీరి దిగిపోయిరి. ఎన్నికలు రాలేదు, ప్రత్యేకాధికారులు గ్రామముల నేలిరి. 2025 సెప్టెంబరు 30లోగా ఎన్నికలు జరుపవలెనని ఆ జూన్‌లో హైకోర్టు ఆజ్ఞాపించినను, అవి డిసెంబరునగాని జరుగలేదు.

గడువు మీరి కూర్చుండుట యెంత తప్పో, గడువు తీరిన గద్దెను ఖాళీగా నుంచుటయు నంతే తప్పని మా యభిప్రాయము. రెంటను నష్టపడువాడు వోటరే. ఇట్టి వ్యాజ్యములలో న్యాయస్థానములు వోటరు హక్కునే ముందు తూచవలెను. ఇప్పటి సర్పంచుల గడువు 2030 చివర తీరును. అప్పుడైనను ఎవరును కోర్టు గుమ్మము తొక్కకమునుపే ఊరూర ఎన్నికల చాటింపు వినబడుగాక!