తల్లి పెంపకమూ కాదు, బిడ్డ తప్పూ కాదు

భర్త కొడుతున్నాడని చెప్పుకోవడానికి ఆమె మా సలహా కేంద్రానికి వచ్చింది. వెంట ఎనిమిదేళ్ల కొడుకు. వాడు కళ్లు టపటపా ఆర్పుతున్నాడు, భుజం ఎగరేస్తున్నాడు, మధ్యమధ్య గొంతులోంచి చిన్న కూత లాంటి శబ్దం చేస్తున్నాడు. ఎందుకు కొడుతున్నాడని అడిగితే పిల్లవాడి వైపు చూపించింది. "నా గారాబం వల్లే వీడిట్లా అయ్యాడంటాడక్కా. మా అత్తేమో నా పుట్టింటి జబ్బంటుంది."

నేను కూడా మాటల మధ్య రెండుసార్లు "ఊరుకో నాన్నా, అట్లా చెయ్యకూడదు" అన్నాను. వాడు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అంతకు రెట్టింపుగా మొదలైంది. ఏళ్ల తరబడి హక్కుల గురించి మాట్లాడే నేను ఆ రోజు చేసిందీ ఆ ఇంట్లోవాళ్లు చేసిందే.

వీటిని వైద్యులు టిక్స్ అంటారు. ఇవి మెదడు పనితీరుకు సంబంధించినవి. చాలామందిలో 5–7 ఏళ్లప్పుడు మొదలై, 10–12 ఏళ్లప్పుడు ఎక్కువై, తర్వాత తగ్గుముఖం పడతాయి. పలు రకాల కదలికలతో పాటు శబ్దాలు కూడా ఏడాదికి పైగా ఉంటే టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో దాన్ని వివరించిన ఫ్రెంచి వైద్యుడి పేరది. తుమ్మును ఆపుకున్నట్టు పిల్లలు వీటిని కాసేపు ఆపుకోగలరు. అందుకే కావాలని చేస్తున్నారని పెద్దలు పొరబడతారు. వంశం పాత్ర ఉన్నమాట నిజమే. కానీ అది తల్లి వైపు నుంచే రావాలని లేదు, వచ్చినా నేరం కాదు.

మరి ఏం చెయ్యాలి? దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం, వాత పెట్టడం మానాలి. మాటిమాటికీ గుర్తు చెయ్యకూడదు. నిద్ర తక్కువైనా, భయపెట్టినా ఇవి పెరుగుతాయి. నొప్పి పుట్టిస్తున్నా, చదువుకు అడ్డొస్తున్నా పిల్లల నరాల వైద్యుడికో, మానసిక వైద్యుడికో చూపించాలి. టిక్ రాబోతోందని గుర్తుపట్టి, దానికి బదులు వేరే కదలిక చేసేలా నేర్పే శిక్షణ ఉంది. అవసరమైతే మందులూ ఉన్నాయి.

ఆ పిల్లవాణ్ణి బడిలో బెంచీ ఎక్కించేవారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మేం వెళ్లి ఆ మాట చెప్పాం. ఇప్పుడు శబ్దం ఆగనప్పుడు కాసేపు బయటికి వెళ్లి రానిస్తున్నారు. వాడు కళ్లు ఇంకా ఆర్పుతూనే ఉన్నాడు, కానీ బడికి వెళ్లనని ఏడవడం లేదు.

ఇంత హింస మధ్య ఇదొక సమస్యా అని ఒక మిత్రురాలు అడిగింది. బిడ్డలో ఏ తేడా కనిపించినా తల్లినే బోనులో నిలబెట్టే సమాజంలో ఇది మన సమస్యే. ఇంకో పొరపాటూ మనం చెయ్యకూడదు. పిల్లవాడికి నయమైతే భర్త మారతాడని ఆమెకు చెప్పకూడదు. టిక్స్ అతనికి దొరికిన సాకు మాత్రమే. ఆ సాకు పోతే ఇంకొకటి వెతుక్కుంటాడు. 2005 గృహహింస చట్టం కింద ఆమె కేసు ఆమెకుండాలి, బిడ్డకు అందాల్సిన సాయం బిడ్డకు అందాలి.

మన కేంద్రాలకు తల్లుల వెంట వచ్చే పిల్లల్ని ఇకనైనా కాస్త గమనిద్దాం. వాళ్లని "ఊరుకో" అనడం ముందు మనం మానేద్దాం.