ఇంటి కంటే ముందు బడి

వానలు మొహం చాటేసిన ఏడల్లా హార్స్లీ హిల్స్ దిగువ పల్లెల నుంచి, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి కుటుంబాలు బెంగుళూరు దారి పట్టడం మనకు కొత్త కాదు. కూలి ఎంత, అద్దె ఎంత అని ముందే విచారించే పెద్దలు పిల్లల బడి సంగతి మాత్రం అక్కడికి పోయాక చూసుకోవచ్చునని ఊరుకుంటున్నారు. చేటు ఇక్కడే వస్తున్నది. తెలుగులో ఆరో తరగతి చదివిన పిల్లవాడు కన్నడ బడిలో అక్షరాల దగ్గరే తడబడి, చివరకు తండ్రి వెంట కూలికి పోతున్నాడు.

కుప్పం వారికి రైలు ఉన్నది. రోజూ బెంగుళూరు పోయి పని చేసుకుని వచ్చేవారు అనేకులు. కాపురం కదల్చనక్కర లేదు. పుంగనూరుకు రైలు వసతి లేదు. అటువంటి చోట్ల వారు పైతరగతుల పిల్లలను సంక్షేమ హాస్టలులోనో, గురుకుల పాఠశాలలోనో, అవ్వాతాతల వద్దనో ఉంచి పోవడం మేలు.

వెంట తీసుకుపోక తప్పనప్పుడు ముందు బడి చూసి, దానికి నడిచిపోయే దూరంలో ఇల్లు వెతకాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వాలి. అది ఆలస్యమైందని గానీ, ఏడాది మధ్యలో వచ్చారని గానీ ప్రభుత్వ బడిలో చేర్చుకోమనడానికి వీలు లేదు. వలస పోయే ప్రతి కుటుంబానికీ ఈ మాట ఊరి ఉపాధ్యాయులే ముందుగా చెప్పి, టి.సి. చేతికిచ్చి పంపవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.