ఎలకని కాదు, మనిషిని అడగండి

మొన్న ఆఫీసు క్యాంటీన్లో మళ్ళీ అదే గోల. 2025లో మౌంజారో, వెగోవీ మన మార్కెట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ మా టీములో క్రికెట్ కంటే ఇంజెక్షన్ల గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. సరే, ఎవరి పొట్ట వాళ్ళిష్టం. నాకు ఒళ్ళు మండింది మాత్రం ఒక సీనియర్ మహాశయుడి మాటకి. "జీనోమ్ జీనోమ్ అని ఇరవయ్యేళ్ళు ఊదరగొట్టారు. చివరికి ఒళ్ళు తగ్గే మందు బల్లి విషంలోంచి వచ్చింది. ఆ డబ్బులేవో ఎలకల మీద పెట్టినా పోయేది" అన్నాడాయన. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెప్తాను.

2008లో మా పెద్దనాన్నగారి అమ్మాయి ఒళ్ళు తగ్గడానికి ఒక క్లినిక్‌లో రాసిచ్చిన మాత్ర వేసుకుంది. పేరు రిమోనాబాంట్. బరువు తగ్గింది. దాంతోపాటు నిద్ర తగ్గింది, మాట తగ్గింది. "ఒరేయ్ తమ్ముడూ, ఊరికే ఏడుపొస్తోందిరా" అని రాత్రిపూట ఫోన్ చేసేది. అది ఆ మాత్ర వల్లేనని నేను రుజువు చెయ్యలేను. కానీ మాత్ర కథ మాత్రం ఇదీ. మెదడులో సీబీ1 అనే రిసెప్టర్‌ని అది మూసేస్తుంది. ఎలకలు బుద్ధిగా తిండి తగ్గించాయి. 2006లో యూరప్ సరేనంది. 2007లో అమెరికా నిపుణుల కమిటీ, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయని, ఏకగ్రీవంగా వద్దంది. 2008లో యూరప్ కూడా ఆపేసింది. మన దగ్గర నిషేధం వచ్చింది 2009 డిసెంబరులో. ఎలకకి దిగులేస్తే అది ఎవరికీ ఫోన్ చెయ్యదు కదా!

మనం కోడ్ రాసేవాళ్ళం కాబట్టి మన భాషలో చెప్తాను. మందు చేసే పని చాలాసార్లు ఒక ప్రోటీన్‌ని ఆపడమో, ఎగదొయ్యడమో. ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువు పుట్టుకతోనే పనిచెయ్యని మనుషులు ఈ భూమ్మీద ఎక్కడో ఒకచోట ఉంటారు. అంటే ఆ టెస్టుని ప్రకృతి ఎప్పుడో ప్రొడక్షన్లోనే రన్ చేసేసింది. లాభమేంటో, బగ్ ఏంటో లాగ్‌లో ఉంది. చదవకుండా వందల కోట్లు తగలేసి, తర్వాత రోగి మీద బగ్ కనిపెట్టడం ఏం తెలివి?

లెప్టిన్ సంగతి చూడండి. 1994లో ఫ్రీడ్‌మన్ బృందం బొద్దెలకలో ఆ జన్యువుని పట్టుకుంది. మరుసటేడు ఆమ్‌జెన్ 2 కోట్ల డాలర్లిచ్చి హక్కులు కొనేసింది. ఇంకేముంది, లావు అనేదే ఉండదన్నారు. 1997లో కేంబ్రిడ్జిలో ఓరాహిలీ, సదాఫ్ ఫారూఖీల బృందం లెప్టిన్ అస్సలు లేని ఇద్దరు పిల్లల్ని గుర్తించింది. వాళ్ళలో ఒక పాప 9 ఏళ్ళకి 94 కిలోలు. లెప్టిన్ ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. మామూలు లావువాళ్ళకి మాత్రం అదే మందు పెద్దగా పనిచెయ్యలేదు. వాళ్ళ రక్తంలో లెప్టిన్ ముందే బోలెడుంది మరి! ఎలక చెప్పింది అబద్ధం కాదు, కానీ ఎవరికి పనికొస్తుందో చెప్పలేకపోయింది. అది మనిషే చెప్పాలి.

ఇహ నాకు అన్నిటికంటే నచ్చిన కేసు ఎంసీ4ఆర్. ఆకలిని అదుపులో పెట్టే రిసెప్టర్. దీన్ని ఎగదోసే మందులు మొదట్లో తయారుచేస్తే రక్తపోటు పెరిగింది. 2009లో ఫారూఖీ బృందమే ఈ జన్యువు పాడైనవాళ్ళని పరీక్షించింది. అంత లావున్నా వాళ్ళ రక్తపోటు తక్కువ! అంటే ఆకలీ, రక్తపోటూ ఒకే తీగ మీద ఉన్నాయని మనిషి జన్యువే చెప్పింది. ఆ తీగని కదపకుండా ఆకలిని మాత్రమే తగ్గించే సెట్‌మెలనోటైడ్ 2020లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది, అదీ ఫలానా జన్యులోపం ఉన్నవాళ్ళకే. ఎవరికి ఇవ్వాలో కూడా జన్యువే చెప్పిందన్నమాట.

2021లో ఇంకోటి. దాదాపు 6 లక్షల 45 వేలమంది జన్యువులు చదివితే, జీపీఆర్75 ఒక కాపీ పనిచెయ్యనివాళ్ళు పదివేలకి నలుగురు తేలారు. వాళ్ళు మిగతావాళ్ళకంటే సగటున 5 కిలోలు తక్కువ బరువు. లావయ్యే అవకాశం సగానికి సగం తక్కువ. మందింకా రాలేదు, వస్తుందని నేను పందెం కాయను. కానీ ఎక్కడ తవ్వాలో తెలిసింది. జన్యు సాక్ష్యం ఉన్న మందులు ట్రయల్స్ దాటి బయటపడే అవకాశం, లేనివాటికంటే 2.6 రెట్లు ఎక్కువని 2024లో నేచర్ పత్రికలో లెక్క తేల్చారు.

సీనియర్ గారికి న్యాయంగా ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. 2007లో ఎఫ్‌టీఓని లావు జన్యువని ఊరేగించారు. తీరా చూస్తే ఆ తేడా దూరంగా ఉన్న ఐఆర్ఎక్స్3ని కదుపుతోందని 2014లో తేలింది. చిరునామా ఒకరిది, పని ఇంకొకరిది! జీఐపీ రిసెప్టర్ మందగించినవాళ్ళు సన్నగా ఉంటారు, మౌంజారో ఏమో దాన్ని ఎగదోస్తుంది, అయినా బరువు తగ్గుతుంది. ఆమ్‌జెన్ వాళ్ళు అదే రిసెప్టర్‌ని మూసే మందు ట్రయల్స్‌లో పెట్టారు, అదీ తగ్గించింది. కాబట్టి జన్యువు దేవుడేం కాదు, సాక్షి. సాక్షిని విచారించాలి. అసలు పిలవకపోవడమే తప్పు.

అన్నట్టు ఆ బల్లి నుంచి వచ్చింది 2005 నాటి ఎక్సనటైడ్. సెమాగ్లుటైడ్ మన పేగులో ఊరే హార్మోన్‌కి మార్పులు చేసింది. ఈ దారి గుండెకి చేటు కాదని 2016లో జీఎల్‌పీ1 రిసెప్టర్ జన్యువులో తేడా ఉన్నవాళ్ళ లెక్కలూ చెప్పాయి.

ఇంతా చెప్పి అసలు కోపం చెప్పకపోతే ఎలా? ఆ లెప్టిన్ లేని పిల్లలిద్దరూ పాకిస్తానీ మూలాలున్న కుటుంబం వాళ్ళు. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు. మనకి మేనరికాలు కొత్తా? 2017లో మన సీసీఎంబీ వాళ్ళు కూడా పాలుపంచుకున్న పరిశోధనలో దక్షిణాసియాలో 263 సమూహాలు చూస్తే, 81 సమూహాల్లో ఫిన్లాండ్ వాళ్ళకంటే గట్టి జన్యు ముద్ర కనపడింది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు ఎందుకు పడదో ఇలాంటి చరిత్రే చెబుతుంది. అంటే ప్రపంచానికి కావలసిన లాగ్‌లు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. చదివింది ఎంత? బ్రిటన్ బయోబ్యాంకులో 5 లక్షలమంది. మన జీనోమ్ ఇండియాలో 10 వేలు. బక్కగా కనిపిస్తూ పొట్ట, షుగరు పెంచుకునే మన ఒంటికి సరిపోయే మందు, ఇంగ్లాండు ఒళ్ళు చదివితే ఎలా దొరుకుతుంది?

వాళ్ళ డేటాకి పైప్‌లైన్లు రాసేది హైదరాబాదులో కూర్చున్న మనమే. మన డేటా గురించి అడిగే నోరు మాత్రం లేదు. ఉమ్మి పరీక్ష చేసి డైట్ చార్టులమ్మే కిట్ల గురించి కాదు నేను చెప్పేది. మనిషి అనుమతితో, ఆసుపత్రి రికార్డుతో కలిపి, ఏళ్ళ తరబడి చూసే పెద్ద లెక్క గురించి.

రేపు ఇంకో కొత్త మాత్ర వస్తుంది. ఎంత తగ్గిస్తుంది, ఎంత ఖరీదు అని అందరూ అడుగుతారు. మీరు ఒక్కటి అడగండి: "ఈ టార్గెట్ పుట్టుకతోనే లేని మనుషులు ఎలా ఉన్నారు? నవ్వుతున్నారా, నిద్రపోతున్నారా?" 2006లో ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే మా అక్క అన్ని రాత్రులు ఫోన్ చెయ్యాల్సిన పని ఉండేది కాదేమో.

ఏమంటారు?